ర్యాలీకి చప్పట్లు, రేసుకి చీవాట్లు



పోయిన ఆదివారం సమావేశానికి రానివాళ్ల కోసం ముందు జరిగింది చెప్తాను. ఉగాది సభలో ప్రతి ఏడూ కొందరికి శాలువా కప్పుతాం కదా, ఈసారి మన కోఠారి కుర్రాడు ఒకణ్ణి కూడా ఆ జాబితాలో చేర్చాలని ఒక ప్రతిపాదన వచ్చింది. వాడికి 22 ఏళ్లు. బల్లార్షాలో ఒక మెకానిక్ షెడ్డులో పనిచేస్తాడు. రెండేళ్లు జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో చెన్నై దగ్గర ఇరుంగట్టుకోటై ట్రాక్‌కి పోయి, జాతీయ మోటార్‌సైకిల్ ఛాంపియన్‌షిప్ నోవీస్ విభాగంలో ఒక రౌండు ఆడి వచ్చాడు. పద్నాలుగో స్థానం.

ప్రతిపాదన అయిదు నిమిషాలు కూడా నిలబడలేదు. "ఇట్లాంటివాళ్లకి శాలువా కప్పితే రేపు పిల్లలందరూ రోడ్డెక్కి రేసులు పెడతారు" అన్నారు ఒక పెద్దాయన. "పద్నాలుగో వాడికి కూడానా?" అని ఇంకొకరు. అందరూ నవ్వారు. ఆ వెంటనే వచ్చిన అంశం ఉగాది బైక్ ర్యాలీకి తలపాగాలు, జెండాలు ఎన్ని కొనాలన్నది. అది ఏకగ్రీవంగా పాసైంది.

మినిట్స్ పుస్తకంలో ఈ రెండు తీర్మానాలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఆ రెంటినీ కలిపి చదివితే మన సంఘం ఏం చెప్తున్నట్టు? తోలు సూటు, హెల్మెట్ వేసుకుని, డాక్టరు పరీక్ష చేయించుకుని, అంబులెన్సు పక్కన ఉండగా బండి నడిపినవాడు చెడిపోయినవాడు. బండికి ముగ్గురు ఎక్కి, బోడి తలతో, సైలెన్సర్ పీకేసి బజారులో తిరిగేవాడు సంస్కృతిని నిలబెడుతున్నవాడు. నేను దీన్ని ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో వివరంగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

ముందు ర్యాలీ సంగతి. మన ఉగాది, మరాఠీవాళ్ల గుడీ పాడ్వా ఒకే రోజు. వాళ్లు ఊరేగింపు తీస్తారు కాబట్టి మనం తగ్గకూడదని మనవాళ్లు బండ్ల ర్యాలీ మొదలుపెట్టారు. పోటీ మంచిదే. కానీ ముందు వరుసలో జెండా పట్టుకుని బండి నడిపేది ఎవరు? పదో తరగతి, పదకొండో తరగతి పిల్లలు. తలపాగా చుట్టాక హెల్మెట్ ఎలాగూ పట్టదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి. తలపాగా పేరుతో మినహాయింపు సిక్కులకే ఉంది, ఉగాది తలపాగాకి లేదు. 2019లో చేర్చిన 199ఏ సెక్షన్ ఇంకా గట్టిది. 18 నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకి, బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. ర్యాలీ ఫోటోలు మన గ్రూపులోనే ఉన్నాయి. ఏ ఇంటి పిల్లలున్నారో ఎవరికి వాళ్లు చూసుకోండి. గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

ఇప్పుడు రేసు సంగతి. ఆ రేసు మూడు రోజులు ఎలా గడిచిందో కుర్రాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. మన సమావేశంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

బండిని బల్లార్షా స్టేషన్‌లో పార్సిల్ కట్టించాడు. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసి, కాగితాలు జతచేసి, గోనె చుట్టించి. ఈ పని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎన్ని వందల బండ్లకి చూశానో, ట్యాంకు ఖాళీ చేయమంటే పోట్లాడినవాళ్లే ఎక్కువ. వీడు పోట్లాడలేదు.

శుక్రవారం అక్కడ మొదట కాగితాలు. భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య ఇచ్చిన పోటీ లైసెన్సు, డాక్టరు ఫిట్‌నెస్ సర్టిఫికెట్, బ్లడ్ గ్రూపు. తర్వాత బండి తనిఖీ. హెడ్‌లైటు, అద్దాలు, స్టాండు తీసేయాలి, కిందపడితే అవే గుచ్చుకుంటాయి. ఆయిల్ బోల్టు ఊడిపోకుండా తీగతో బిగించి కట్టాలి, ఎందుకంటే ఒకడి బండి నుంచి కారిన ఆయిలు వెనక వచ్చే పదిమందిని పడేస్తుంది. తోలు సూటు, వీపుకి రక్షణ పలక, చేతి తొడుగులు, బూట్లు, ముఖమంతా కప్పే హెల్మెట్ ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూస్తారు. ఆ తర్వాత అందరినీ కూర్చోబెట్టి జెండాల పాఠం. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఎవర్నీ దాటకూడదు. నీలం అయితే నీకన్నా వేగమైనవాడు వెనక వస్తున్నాడు. ఎరుపు అయితే రేసు ఆగింది. నల్ల జెండా నీ నంబరుతో చూపిస్తే నువ్వు ఆట నుంచి బయటికి. ఇదంతా అయ్యాకే ప్రాక్టీసు.

శనివారం క్వాలిఫైయింగ్‌లో ఒక మలుపులో జారి పడ్డాడు. దెబ్బ తగల్లేదు, లేచి నిలబడ్డాడు. అయినా డాక్టరు చూసి సరే అన్నాకే వదిలారు. పడినప్పుడు హెల్మెట్ నేలకి రాసుకుంది. తనిఖీ చేసే ఆయన దాన్ని తిప్పి చూసి, ఇది ఇక పనికిరాదని పక్కన పెట్టేశాడు. కుర్రాడు బతిమాలాడు, పైన గీత మాత్రమే అన్నాడు. కుదరదన్నారు. చివరికి ఇంకో పోటీదారుడే తన దగ్గరున్న రెండో హెల్మెట్ ఇచ్చాడు. ఆదివారం అది పెట్టుకుని ఆడి పద్నాలుగోవాడిగా వచ్చాడు. అది ఇచ్చినవాడు వీడికి ఎదురు నిలబడి ఆడినవాడే.

గీత పడ్డ హెల్మెట్‌ని రద్దు చేసే చోటు అది. ఇక మన ఊళ్లో హెల్మెట్ ఎక్కడుంటుంది? మోచేతికి వేలాడుతుంది, లేకపోతే ట్యాంకు మీద కూర్చుంటుంది. పోలీసు కనిపిస్తే తలకెక్కుతుంది.

రైల్వేలో 38 ఏళ్లు పనిచేసినవాణ్ణి, నాకు తెలిసిన భాషలో చెప్తాను. మన బల్లార్షా మీదుగా తమిళనాడు ఎక్స్‌ప్రెస్ వెళ్తుంది, గ్రాండ్ ట్రంక్ వెళ్తుంది. వాటి వేగం చూసి ఎవరైనా రైలు చెడ్డదన్నారా? అనరు. ఎందుకంటే దానికి దాని దారి ఉంది, సిగ్నల్ ఉంది, బ్రేకులు సరిగ్గా ఉన్నాయని సర్టిఫికెట్ లేనిదే గార్డు కదలనివ్వడు. అదే రైలు సిగ్నల్ దాటిందంటే పది కిలోమీటర్ల వేగంలో ఉన్నా డ్రైవర్ని అక్కడే దింపేస్తారు. వేగానికి ఒక చోటు, ఒక కట్టుబాటు ఉంటే అది పని. అవి లేకపోతే అది హత్య. ట్రాక్‌కీ రోడ్డుకీ తేడా ఇదే. రోడ్డు మీద రేసు పెట్టడం 189వ సెక్షన్ కింద నేరం. ట్రాక్ మీద ఆడటం లైసెన్సు తీసుకుని ఆడే ఆట. ఈ రెంటికీ 'రేసు' అనే ఒకే పేరు ఉన్నందుకు రెంటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

మద్రాసు వైపువాళ్లకి ఈ తేడా ఎప్పుడో తెలుసు. నేను తమిళ మీడియంలో చదువుకునే రోజుల్లో క్లాసులో సగం మంది షోలవరం రేసుల గురించే మాట్లాడుకునేవాళ్లు. షోలవరం అంటే మద్రాసుకి ఉత్తరాన, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత విమానాల రన్‌వే. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడే ఏళ్ల తరబడి పోటీలు పెట్టింది. తర్వాత ఆ క్లబ్బే ఇరుంగట్టుకోటైలో సొంత ట్రాక్ కట్టుకుంది. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. 1990 నుంచి పోటీలు అక్కడే. అంటే వేగాన్ని ఊరి రోడ్డు నుంచి తీసి దాని చోట దాన్ని పెట్టడానికి ఒక తరం వాళ్లు పాటుపడ్డారు. మనం ఆ వేగాన్ని మళ్లీ తెచ్చి బజారులో పెట్టి, దాని ముందు డప్పు కొట్టిస్తున్నాం.

"ట్రాక్ మీద చావులు లేవా?" అని అడుగుతారు. ఉన్నాయి. దాచను. 2023 ఆగస్టు 5న అదే ఇరుంగట్టుకోటైలో, జాతీయ ఛాంపియన్‌షిప్ మూడో రౌండులో, బెంగళూరు పిల్లవాడు ఒకడు రేసు మొదలైన కాసేపటికే పడి తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. వాడికి 13 ఏళ్లు. ఆ వయసు పిల్లల్ని అంత వేగంలోకి పంపడాన్ని నేను సమర్థించను, ఎవరు చెప్పినా సమర్థించను. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చూడండి. రేసు ఆపేశారు. ఆ వారాంతంలో మిగిలిన పోటీలన్నీ రద్దు చేశారు. అంతకుముందు 2021లో యూరప్‌లో 19, 14, 15 ఏళ్ల కుర్రాళ్లు ముగ్గురు వేర్వేరు రేసుల్లో పోయారు. అప్పుడు ప్రపంచ ఛాంపియన్‌షిప్ కనీస వయసుని, కొద్ది మినహాయింపులతో, 2023 నుంచి 18 చేశారు. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలో మోటోజీపీ జరిగినప్పుడు ఎండ ఎక్కువగా ఉందని పెద్ద రేసుని 24 ల్యాపుల నుంచి 21కి తగ్గించారు. చంద్రపూర్ జిల్లా ఎండ తెలిసిన మనకి అది సరైన పనే అని వేరే చెప్పక్కర్లేదు.

మరి రోడ్డు మీద? కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు 74,897 మంది. అంటే రోజుకి రెండు వందల మంది పైన. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029. రోడ్డు మీద కోట్లమంది, ట్రాక్ మీద వందలమంది, ఈ పోలిక చెల్లదు అంటారేమో. నిజమే, నేను తలలు లెక్కపెట్టి పోల్చట్లేదు. ఒక ప్రాణం పోయాక ఏం చేశారన్నది పోలుస్తున్నాను. అక్కడ ఆట ఆపారు, నియమం మార్చారు. ఇక్కడ మనం అంత్యక్రియలకి పోతాం, సంఘం తరఫున దండ వేస్తాం, 'వాడి టైం అయిపోయింది' అంటాం, తిరిగొచ్చేటప్పుడు అదే రోడ్డు మీద ముగ్గురం ఒక బండెక్కుతాం.

పిల్లలు వీణ్ణి చూసి చెడిపోతారన్న మాటకి వస్తాను. కోఠారి నుంచి గోండ్‌పిప్రి వైపు నువ్వు ఎంత స్పీడులో పోతావురా అని వాణ్ణే అడిగాను. "యాభై దాటను అంకుల్" అన్నాడు. ఎందుకంటే, "ట్రాక్ మీద అందరం ఒకే దిక్కుకి పోతాం. ఎదురుగా లారీ రాదు, ఆవు అడ్డం రాదు. పడితే జారిపోవడానికి పక్కన ఖాళీ జాగా ఉంటది. ఇక్కడ పడితే చెట్టుకో రాయికో పోయి తగులుతా. రాత్రయితే అడవి పంది ఎటు నుంచి వస్తదో తెల్వదు." మన అడవి రోడ్డు గురించి ఇంతకన్నా మంచి పాఠం మన సంఘంలో ఎవరు చెప్పారు? పిల్లలు వీణ్ణి చూసి నేర్చుకుంటే మనకి నష్టం ఏమిటి?

ఇక పద్నాలుగో స్థానం. నవ్వినవాళ్లని ఒకటి అడుగుతాను. వాడి వెనక కంపెనీ లేదు, స్పాన్సర్ లేడు. నేర్పే కోచ్ లేడు. చుట్టుపక్కల ట్రాక్ లేదు. కోఠారి నుంచి పోయి, చిన్నప్పటి నుంచి ట్రాక్ పక్కన పెరిగిన చెన్నై, కోయంబత్తూరు, బెంగళూరు పిల్లల మధ్య నిలబడ్డాడు. శనివారం పడ్డాడు, ఆదివారం మళ్లీ ఎక్కాడు, రేసు పూర్తి చేశాడు. మొదటి ర్యాంకు వచ్చినవాడికే శాలువా అనుకుంటే మన జాబితాలో మిగిలేవాళ్లు ఎంతమంది? పోయినేడు మనం శాలువా కప్పినవాళ్లలో కొందరి గొప్ప, సంఘానికి చందా రాయడమే కదా. నేను పేర్లు రాయను, అందరికీ తెలుసు.

కాబట్టి వచ్చే సమావేశంలో నేను మూడు తీర్మానాలు పెడుతున్నాను.

ఒకటి. ఉగాది బైక్ ర్యాలీ రద్దు. ఊరేగింపు కావాలంటే నడుద్దాం. ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా వస్తారు, డప్పు కూడా వినిపిస్తుంది. తలపాగాలు నిక్షేపంగా కట్టుకోవచ్చు.

రెండు. తలపాగాలకి, జెండాలకి, పెట్రోలుకి కేటాయించిన డబ్బుతో ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్లు కొని, లైసెన్సు చూపించిన సభ్యుల పిల్లలకి ఇద్దాం. లైసెన్సు లేనివాడికి ఇవ్వద్దు. వాడికి కావలసింది హెల్మెట్ కాదు, ఇంట్లో తాళంచెవి దాచిపెట్టే తండ్రి.

మూడు. ఆ కుర్రాణ్ణి ఉగాది వేదిక ఎక్కిద్దాం. శాలువా మీ ఇష్టం. కానీ పది నిమిషాలు మైకు ఇద్దాం. హెల్మెట్ పట్టీ ఎంత బిగించాలి, వాన రోడ్డు మీద ఏ బ్రేకు ఎంత నొక్కాలి, అలసిపోయినప్పుడు బండి ఎందుకు ఎక్కకూడదు, వాడే చెప్తాడు. నేను చెప్తే ముసలాడి చాదస్తం అంటారు. వాడు చెప్తే పిల్లలు వింటారు.

దీనితో పాటు ఒక షరతు కూడా రాసుకుందాం. 18 నిండనివాళ్లని ట్రాక్‌కి పంపడానికి గానీ, రోడ్డెక్కించడానికి గానీ మన సంఘం డబ్బు ఒక్క రూపాయి ఇవ్వదు.

వ్యతిరేకించేవాళ్లు వ్యతిరేకించండి, అది మీ హక్కు. అయితే కారణం రాసి, పేరు పెట్టి రాయండి. బొటనవేలు బొమ్మ, నవ్వు బొమ్మ పెట్టి తప్పించుకోవద్దు. సమావేశంలో ఓటింగు చేయి ఎత్తి జరగాలని కూడా కోరుతున్నాను. ర్యాలీకి ఎవరు చేయి ఎత్తారో మినిట్స్‌లో పేర్లతో సహా ఉండాలి.