స్థాపనకు ముందు పరీక్ష

శాస్త్రప్రవృత్తి త్రివిధమని వాత్స్యాయనుడు న్యాయభాష్యమున చెప్పెను: ఉద్దేశము, లక్షణము, పరీక్ష. వస్తువును పేర్కొనుట ఉద్దేశము. దానిని ఇతరముల నుండి వేరుచేయు ధర్మమును తెలుపుట లక్షణము. ఆ లక్షణము పొసగునో లేదో ప్రమాణములచే నిర్ణయించుట పరీక్ష. కంప్యూటరు విషయమున ప్రాచ్యవిద్యాలయములు మొదటి రెంటితోనే తృప్తి చెందుట ఉచితము కాదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. తరువాతి విండోస్ 11 కోరు సామగ్రి పాతయంత్రములు పెక్కింట లేదు. అంతమాత్రమున వానిని పాతసామానుగా తలచుట తొందరపాటు. లినక్సు వ్యవస్థలు వానియందు నడచునేమో ముందు చూడవలయును.

ఈ పరీక్షకు స్థాపన అక్కరలేదు. 2000లో క్లాస్ నాపర్ వెలువరించిన నాపిక్స్ ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినది. నేడు వ్యవస్థను పెన్‌డ్రైవులో నిలిపి, కంప్యూటరును దానినుండియే ప్రారంభింపవచ్చును. వ్యవస్థ తాత్కాలికస్మృతిలో నడచును. హార్డ్‌డిస్కులోని గ్రంథము, పరీక్షకుడు తానై మార్చిననే తప్ప, చెక్కుచెదరదు. యంత్రమును ఆపి పెన్‌డ్రైవు తీసినచో పూర్వస్థితియే. తెలుగువారికిది కొత్త కాదు. స్వేచ్ఛ అను సంస్థ తెలుగు నిర్వహణవ్యవస్థను రూపొందించి, బడిపిల్లల కొరకు బాలస్వేచ్ఛను సిద్ధపరచినది.

గిలకలదిండి రేవున పడవ కొనగోరువాడు రంగు చూచి బేరము ముగింపడు. నీటిలో నడిపించి, ఇంజను ధ్వని విని, అడుగున నీరూరునేమో చూచును. పండితుడును అట్లే తన పనితో పరీక్షింపవలయును. సంయుక్తాక్షరములు సరిగా కనబడుచున్నవా? దేవనాగరి, తెలుగు లిపులు ఒకే పుటలో కుదురుచున్నవా? ముద్రణయంత్రము పలుకుచున్నదా? యూనికోడుకు పూర్వపు ఫాంటులలో కూర్చిన వ్యాసములు చదువ వీలగుచున్నవా? ఈ చివరి ప్రశ్నయే కీలకము. ఆ ఫాంటులు లేనిచో ఏండ్ల పరిష్కరణశ్రమ అర్థరహితమైన అక్షరముల గుంపుగా కనబడును.

ఉచితముగా లభించునది నమ్మదగదని ఒక ఆక్షేపము. ఇచట ముఖ్యము వెల కాదు, స్వేచ్ఛ. వాడుటకు, మూలమును పరిశీలించుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు అధికారము కలదు. ఇంగ్లీషున ఈ రెండర్థములకు ఒకే పదముండుటచే కలిగిన భ్రాంతి తెలుగున కలుగనవసరము లేదు.

పరీక్షకును హద్దులు కలవు. పెన్‌డ్రైవు నుండి నడచునపుడు వేగము తగ్గును. ఆ మందగతినిబట్టి వ్యవస్థను నిందింపరాదు. వేరుగా భద్రపరపని రచన యంత్రమును ఆపగనే పోవును. స్థాపింపుమను గుర్తును తెలియక నొక్కి ముందుకు సాగినచో ఉన్న గ్రంథమునకే ముప్పు. కావున ముందు ప్రతి తీసికొనుట, పిదప పరీక్ష, ఆ పిదప నిర్ణయము. పరీక్షలో నిలువనిదానిని నిస్సంకోచముగా విడువవచ్చును. పరీక్షింపక విడుచుట మాత్రము శాస్త్రాభ్యాసులకు తగదు.