పొగమంచులో ఎవరి దీపం వారిదేనా?

న్యూఢిల్లీ: శీతాకాలం వచ్చిందంటే రాజధానిలో పొగమంచు కూడా రాజకీయమే అవుతుంది. విమానాలు ఆగిపోతే పార్లమెంటు సభ్యులు సభలో ప్రశ్నలు వేస్తారు. రైళ్లు గంటల తరబడి ఆలస్యమైతే పత్రికలు సంపాదకీయాలు వ్రాస్తాయి. రోడ్డు మీద వాహనాలు ఒకదానినొకటి ఢీకొని మనుషులు మరణిస్తే మాత్రం "డ్రైవరు నిర్లక్ష్యం" అన్న రెండు మాటలతో వ్యవహారం ముగిసిపోతుంది. మొదటి రెండు సందర్భాలలో పొగమంచు ప్రభుత్వ సమస్య. మూడవ సందర్భంలో అది వాహనదారుని సొంత సమస్య. ఈ భేదం ఎందుకు ఏర్పడింది, దీనిని ఎంతకాలం సహించాలి అన్నది ఈ వారం విచారించదగిన విషయం.

విషయం చిన్నది కాదు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రహదారి రవాణా శాఖ వార్షిక నివేదిక తెలుపుతున్నది. వారిలో 14 వేలకు మించినవారు పొగమంచు కమ్మిన వేళ జరిగిన ప్రమాదాలలో పోయినవారే. 2025 డిసెంబరు 16 తెల్లవారుజామున మథుర సమీపాన యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద బస్సులు, కార్లు వరుసగా ఢీకొని మంటలలో చిక్కుకొన్నప్పుడు పదిమందికి పైగా ఆహుతి అయ్యారు. దేశంలోని మేలైన రహదారులలో అది ఒకటి. మంచి రోడ్డు వేగాన్ని ఇచ్చింది గాని చూపును ఇవ్వలేకపోయింది.

ప్రభుత్వానికి గల మూడు చూపులనూ ఒకేచోట చూడదలచుకొన్నవారు ఢిల్లీ దాటి ఛత్తీస్‌గఢ్ వెళ్లాలి. బిలాస్‌పూర్ పొలిమేరలో, రాయపూర్ వెళ్లే జాతీయ రహదారిని ఆనుకొని బోద్రీ అనే చిన్న పట్టణం ఉన్నది. 2000 నవంబరు 1న రాష్ట్రంతో పాటే పుట్టిన ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఇప్పుడు నడుస్తున్నది అక్కడే. పక్కనే చకర్‌భాఠా విమానాశ్రయం. కొద్ది దూరంలో, 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైన బిలాస్‌పూర్. ఈ ప్రాంతం తెలుగువారికి పరాయిది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి కళింగాంధ్ర కుటుంబాలు ఉద్యోగాలకై వెళ్లి ఇక్కడి రైల్వే కాలనీలలో స్థిరపడినవి. విశాఖపట్నం - కోర్బా ఎక్స్‌ప్రెస్ నేటికీ వారికి పుట్టింటి దారి.

విమానం మాట ముందు చూద్దాం. ఢిల్లీ విమానాశ్రయంలో రన్‌వే మీద చూపు 50 మీటర్లకు పడిపోయినప్పటికీ, తగిన శిక్షణ పొందిన పైలటు విమానాన్ని దింపగల పరికరాలను అమర్చినారు. బిలాస్‌పూర్ వంటి చిన్న విమానాశ్రయానికి ఆ భాగ్యం లేదు. అక్కడ 2021 మార్చి 1న విమానాలు మొదలు కావటానికే ప్రజల ఆందోళనలు, హైకోర్టులో వ్యాజ్యాలు అవసరమైనవి. అయినప్పటికీ ఒక సూత్రం రెండుచోట్లా సమానం: చూపు చాలనప్పుడు విమానం దిగదు. దిగాలా వద్దా అన్న నిర్ణయం ప్రయాణికుని తొందర మీద గాని, విమాన సంస్థ లాభం మీద గాని ఆధారపడదు.

రైలు మాట ఇంకా స్పష్టం. వెనుకటి రోజులలో పొగమంచు కమ్మితే సిగ్నలుకు 270 మీటర్ల ముందే పట్టాల మీద డిటోనేటర్లు పెట్టేవారు. చక్రం కింద అవి పేలిన చప్పుడు విని డ్రైవరు జాగ్రత్తపడేవాడు. ఆ పద్ధతికి తోడు, ఉపగ్రహాల సహాయంతో రాబోయే సిగ్నలు ఎంత దూరంలో ఉన్నదో ముందుగా చెప్పే ఫాగ్‌పాస్ పరికరం వచ్చింది. 2023-24 శీతాకాలానికి 19,742 పరికరాలను సమకూర్చినట్లు రైల్వే శాఖ ప్రకటించింది. అవి ఉన్న రైళ్లకు మంచులో గరిష్ఠ వేగాన్ని గంటకు 60 నుండి 75 కిలోమీటర్లకు పెంచినారు. గమనించవలసిన విషయమేమంటే, ఆ పరికరం డ్రైవరు సొంత డబ్బుతో కొనుక్కొన్నది కాదు. బజారులో ఏది నచ్చితే అది తెచ్చుకొమ్మని ఏ రైల్వే అధికారీ అతనికి చెప్పలేదు.

ఇక రోడ్డు. బోద్రీ దగ్గర అదే మంచులో కోర్బా బొగ్గు లారీలు, బస్సులు, కార్లు, స్కూటర్లు పోతుంటాయి. వీరికి ప్రభుత్వం ఇచ్చినదేమిటి? "నిదానంగా వెళ్లండి" అన్న బోర్డు. మిగిలినది బజారు. డిసెంబరు రాగానే విడిభాగాల దుకాణాలలో పసుపు ఎల్.ఇ.డి. ఫాగ్ లైట్లు వ్రేలాడుతుంటాయి. వాటిలో ఆంబర్ అని పిలిచే తేనెరంగు దీపానికి గిరాకీ హెచ్చు. అది మంచును చీల్చుకొని పోతుందని దుకాణదారుడు చెబుతాడు, కొనేవాడు నమ్ముతాడు. ప్రాణం మీది భయంతో కొనే వస్తువు గనుక ఈ నమ్మకాన్ని కొంచెం పరీక్షించటం అవసరం.

గాలిలోని అణువులు నీలికాంతిని ఎక్కువగా, ఎరుపు పసుపులను తక్కువగా చెదరగొడతాయన్నది రేలీ కనుగొన్న సత్యం. ఆకాశం నీలంగా కనిపించేది అందువల్లనే. సముద్రపు నీలిమకు కారణం వివరించినవాడు విశాఖలో బాల్యం గడిపిన సి.వి. రామన్. కాని పొగమంచులో కాంతిని చెదరగొట్టేది అణువు కాదు, నీటి బిందువు. అది సుమారుగా మిల్లీమీటరులో నూరవ వంతు. కాంతి తరంగం దానిలో ఇరవయ్యవ వంతు మాత్రమే. అంత పెద్ద బిందువు ముందు నీలమూ పసుపూ ఒకటే. అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొట్టటం వల్లనే మంచు తెల్లగా కనిపిస్తుంది. కనుక పసుపు కాంతి మంచును చీల్చుకొని పోతుందన్న మాటకు శాస్త్రం ఆధారం లేదు.

అట్లని పసుపు రంగు వ్యర్థమని అనరాదు. తెల్లని ఎల్.ఇ.డి. నిజానికి నీలి కాంతినిచ్చే ముక్క మీద పసుపు పూత పూసినది. అందులో నీలం పాలు ఎక్కువ. ఆ నీలం మంచు మీద పడి వెనుకకు తిరిగి వచ్చినప్పుడు కంటికి చికాకు కలిగిస్తుంది. నీలం తీసివేసిన పసుపు కాంతి దూరం చూపకపోయినా కంటికి ఇంపుగా ఉంటుంది. గంటల తరబడి నడిపేవానికి అలసట తగ్గుతుంది. ఫ్రాన్సు దేశం 1930ల చివరి నుండి 1993 వరకు హెడ్‌లైట్లన్నీ పసుపుగా ఉండాలని శాసించింది. తరువాత ఆ నియమాన్ని వదులుకొని మిగిలిన ఐరోపాతో కలిసింది. రంగు వల్ల మేలు ఉన్నది గాని, అది దేశాలు పట్టుపట్టి నిలుపుకోవలసినంత మేలు కాదని దీని తాత్పర్యం.

మరొక చిక్కు ఉన్నది. అంతర్జాతీయ నిబంధనలు ముందు ఫాగ్ లైట్లకు అనుమతించిన రంగులు రెండు: తెలుపు, లేత పసుపు. ముదురు తేనెరంగు వాహనం మలుపు తిరుగుతున్నదని తెలిపే ఇండికేటరుది. మన 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనలలోనూ ఇండికేటరు రంగు అదే. మంచులో ఎదుటివానికి ముందుగా కనిపించేది ఆకారం కాదు, రంగు. ఆగి ఉన్నదా, మలుపు తిరుగుతున్నదా, ఎదురు వస్తున్నదా అన్న సందేహాన్ని ఆ క్షణంలో కల్పించటం క్షేమం కాదు. కొనదలచినవారు నిమ్మపండు ఛాయకు దగ్గరైన లేత పసుపును ఎంచుకోవాలి.

అయితే రంగు కంటె ముఖ్యమైనది కాంతి పడే తీరు. మంచి ఫాగ్ లైటు వెలుగు చాపవలె వెడల్పుగా, నేలకు దగ్గరగా పరచుకోవాలి. పై అంచు కత్తితో కోసినట్లు తెగిపోవాలి. పైకి పోయిన ప్రతి కిరణమూ మంచును తాకి మన కంటికే తిరిగి వస్తుంది. మంచులో హై బీమ్ వేసినవానికి ఎదుట తెల్లని గోడ నిలిచేది ఇందువల్లనే. హేలోజన్ బల్బుకై రూపొందించిన పాత గిన్నెలో చవక ఎల్.ఇ.డి. బల్బు దూర్చితే, కాంతి పుట్టే చోటు మారి వెలుగు నలుదిక్కులా చిమ్ముతుంది. అటువంటి దీపం వేయటం కంటె వేయకపోవటం మేలు. పూర్తి దీపాన్నే కొనాలి. వాహన తయారీదారు తన కారుకై అమ్మే దీపం దొరికితే అది అన్నింటికన్న ఉత్తమం. లేకుంటే అద్దం మీద వలయంలో "ఈ" అక్షరము, దాని దగ్గర ముందు ఫాగ్ లైటును సూచించే "ఎఫ్ 3" గుర్తు ఉన్నవో లేవో చూడాలి. పెట్టె మీద అచ్చు వేసిన వేల ల్యూమెన్ల అంకెలు చూసి మోసపోరాదు. కార్లకు నేల నుండి 25 సెంటీమీటర్లకు తగ్గక, 80 సెంటీమీటర్లకు మించక అమర్చాలి. కప్పు మీద వరుసగా బిగించే దీపాలు ఊరేగింపుకు పనికివస్తాయేమో గాని మంచుకు కాదు.

చట్టం సంగతి కూడా మరువరాదు. దీపానికి 8 మీటర్ల ముందు, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న మనిషి కంటిని మిరుమిట్లు గొలపని విధంగా ముందు దీపం కిందికి వాలి ఉండాలని 106వ నిబంధన చెబుతున్నది. తయారీదారు ఇచ్చిన లక్షణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. అదే సంవత్సరం సవరించిన చట్టం ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చును. శిక్ష ఉన్నది, కాని ఏ దీపం మంచిదో సామాన్యునికి చెప్పే ఏర్పాటు మాత్రం కనిపించదు. అమ్మేవానిని వదిలి కొన్నవానిని పట్టుకోవటం మన పాలనలో పాత అలవాటే.

పోనీ, అన్ని జాగ్రత్తలూ తీసుకొని ఉత్తమమైన దీపమే కొన్నాడనుకొందాం. అది ఎంత మేలు చేస్తుంది? చూపు 50 మీటర్లకు లోపైతే వాతావరణ శాఖ దానిని అతి దట్టమైన మంచు అంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు, డ్రైవరు తేరుకొనటానికి ఒకటిన్నర సెకను పట్టినా, తడి రోడ్డు మీద ఆగేసరికి 50 మీటర్లు దాటిపోతుంది. వేగం 40 అయితే 30 మీటర్లలో ఆగుతుంది. బరువెక్కిన బొగ్గు లారీకి ఇంతకన్న ఎక్కువ కావాలి. ఫాగ్ లైటు చూపగలిగేది ముందున్న కొద్ది మీటర్ల దారి, రోడ్డు అంచు, తెల్ల గీత. అది నిదానంగా పోయేవానికి తోడు; వేగంగా పోయేవానికి దొంగధైర్యం.

ఆ తెల్ల గీతే చెరిగిపోయి ఉంటే దీపం దేనిని చూపాలి? దీపాలు ఆర్పి రోడ్డు మీదనే నిలిపిన లారీ వెనుక ఎర్రని మెరుపు పట్టీ మసిబారి ఉంటే అది దేని మీద పడి మెరవాలి? జాతీయ రహదారుల మీద పడుకొనే పశువుల విషయంలో బోద్రీలోని హైకోర్టు ఇటీవలి సంవత్సరాలలో రాష్ట్ర ప్రభుత్వాన్నీ రహదారుల సంస్థనూ పలుమార్లు నిలదీసింది. కోర్టు వాకిట ఉన్న రహదారి గురించే కోర్టు ఇంతగా చెప్పవలసి వచ్చినదంటే మారుమూల దారుల సంగతి ఊహించుకోవచ్చును. విజయనగరం నుండి సాలూరు ఘాటు ఎక్కి ఒరిస్సా మీదుగా రాయపూర్ వైపు వెళ్లే తెలుగు లారీ డ్రైవర్లను అడిగితే ఈ విషయం ఇంకా బాగా చెబుతారు.

దీనికి అధికారులు ఒక సమాధానం చెప్పవచ్చును. రైలు నడిపేవారు వేలలో ఉంటారు, ప్రభుత్వోద్యోగులు. రోడ్డు మీద నడిపేవారు కోట్లలో ఉంటారు, స్వతంత్రులు. ఇందరికి పరికరాలు పంచటం సాధ్యమా? ఈ వాదంలో కొంత నిజం లేకపోలేదు. కాని అడుగుతున్నది దీపాలు పంచమని కాదు. భారీ లారీలకు, బస్సులకు ప్రమాణాలకు లోబడిన ఫాగ్ లైట్లను కర్మాగారంలోనే తప్పనిసరి చేయవచ్చును. ముద్ర లేని, కన్ను చెదరగొట్టే దీపాల తయారీని, అమ్మకాన్ని దుకాణం దగ్గరే ఆపవచ్చును. టోలు వసూలు చేసే ప్రతి రహదారి మీద గీతలు, రాత్రి మెరిసే స్టడ్లు, లారీలు ఆగే స్థలాలు శీతాకాలానికి ముందే సరిచూడవచ్చును. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద శీతాకాలంలో వేగ పరిమితిని తగ్గించే పద్ధతి కొన్నేళ్లుగా ఉన్నది. పరిమితి కాగితం మీద ఉంటే చాలదని, దానిని చూపు తగ్గిన గంటలోనే అమలు జరిపే యంత్రాంగం కావాలని మథుర ప్రమాదం నేర్పింది. చూపు లేనప్పుడు విమానాన్ని ఆపగలిగిన ప్రభుత్వం, టోలుగేటు దగ్గర లారీని అరగంట ఆపలేనంత బలహీనమైనదా?

2024లో పౌరవిమానయాన శాఖ బాధ్యతలు స్వీకరించిన రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ప్రతినిధి. రైల్వేల భద్రతకై రూపొందిన కవచ్ వ్యవస్థ మొదట విస్తరించినది తెలుగువారి దక్షిణ మధ్య రైల్వేలోనే. ఆకాశానికీ పట్టాలకూ లభించిన ఈ శ్రద్ధ రోడ్డుకు కూడా లభించేట్లు చూడటం మన పార్లమెంటు సభ్యులకు అందరాని పని కాదు. జాతీయ రహదారి ఎన్ని కిలోమీటర్లు మంజూరైనదో అడగటం వారికి అలవాటే. ఆ రహదారి మీద మంచు వేళ ఎందరు పోతున్నారో అడగటం కూడా అలవాటు చేసుకోవాలి.

అంతవరకు బోద్రీ వాహనదారుడు తన జాగ్రత్త తాను పడక తప్పదు. లేత పసుపు దీపం కొననివ్వండి, కిందికి వంచి బిగించనివ్వండి, వేగం తగ్గించనివ్వండి. కాని ఎవరి దీపం వారిదే అన్న న్యాయం సంతకు వెళ్లే బాటసారికి చెల్లుతుందేమో గాని, పన్ను కట్టి, టోలు చెల్లించి ప్రభుత్వ రహదారి మీద పోయే పౌరునికి చెల్లదు.