పాసు

ఇంగ్లీషువాళ్ళ మాటల్లో పొట్టివాటితోనే తంటా. పొడుగాటి మాటయితే నిఘంటువులో ఒకసారి చూసుకుని నిశ్చింతగా ఉండవచ్చు. పొట్టి మాట అలా కాదు. ఇల్లిల్లూ తిరుగుతుంది, వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ కొత్త చుట్టరికం కలుపుకుంటుంది. జాను తెనుగులో ద్విపద కట్టిన సోమనాథుడి ఊరు మా పాలకుర్తి. అక్కడ కూడా అలాంటి చుట్టం ఒకటి ఎప్పుడో వచ్చి తిష్ఠ వేసింది. దాని పేరు 'పాసు'.

పిల్లవాడికి నూటికి 35 వస్తే పాసు. వాడు బడికి వెళ్ళేది బస్సు పాసు మీద. ఆడపిల్లలకు ఆ బెడద లేదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగులోనూ, ఎక్స్‌ప్రెస్సులోనూ వాళ్ళ ప్రయాణం ఉచితం. శాసనసభలో బిల్లు పాసవుతుంది. పేకాటలో ముక్కలు బాగా పడనివాడు 'పాస్' అని గోడకు జారగిలబడతాడు. అరుగు మీద కూర్చుని పల్లికాయలు వొలుచుకు తింటే టైంపాసు. నలుగురిలో కూర్చున్నవాడు చిటికెన వేలు చూపి 'పాసు' అంటే ఏమిటో నేను రాయనక్కరలేదు.

ఇన్ని పాసులకూ తల్లి ఒక్కతే. లాటిన్‌లో 'పాస్సుస్' అంటే అడుగు. కాలు చాచడం అనే క్రియలోంచి పుట్టిన మాట అది. ఫ్రెంచివాళ్ళ నోట్లో పడి 'దాటిపోవడం' అయింది. అక్కడి నుంచి ఇంగ్లీషువాళ్ళకు చిక్కింది. పరీక్ష దాటినా, గేటు దాటినా, పొద్దు దాటినా వాళ్ళకు అదే మాట.

రోమనుల లెక్కలో పాస్సుస్ అంటే రెండడుగుల జత. కుడికాలు పడిన చోటి నుంచి మళ్ళీ కుడికాలు పడే చోటి దాకా ఒకటి. అలాంటివి వెయ్యి నడిస్తే 'మిల్లే పాస్సుస్'. అందులో అడుగులు రాలిపోయి వెయ్యి మాత్రం మిగిలింది. అదే మన మైలు! జనగామ ఎన్ని మైళ్ళని ఇప్పటికీ అడిగే మా ఊరి ముసలివాళ్ళు, తమకు తెలియకుండానే రోమన్ సిపాయిల అడుగులు లెక్కపెడుతున్నారన్నమాట. పాసింజరు బండీ ఈ కుటుంబమే. పిల్లల కంపాసు పెట్టె కూడా. అడుగులతో చుట్టూ కొలవడం అని దాని పుట్టుక.

మన పాత తెలుగులోనూ ఒక 'పాసి' ఉంది, 'ఎడబాసి'లో వినిపించేది. అది విడిపోవడం, ఇది దాటిపోవడం. అన్నదమ్ములనిపిస్తుంది గాని, వట్టి కాకతాళీయం.

నాకు అన్నిటికంటె వింతగా తోచేది పాసు పుస్తకం. బ్యాంకు గుమాస్తా చేతికీ ఖాతాదారు చేతికీ మధ్య అటూ ఇటూ నడుస్తుంది గనుక దానికి ఆ పేరు. బాగానే ఉంది. కాని 1971లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేసి ఆ పేరు భూమికి తగిలించారు, పట్టాదారు పాసు పుస్తకమని. అడుగు అనే మాట, ఒక్క అడుగైనా కదలని దానికి! పుస్తకం కూడా నడవదు. ట్రంకు పెట్టెలో చీరెల అడుగున ఉంటుంది. 2018లో కొత్త పుస్తకాలు వచ్చాయి, 2020లో కొత్త చట్టం, 2025లో దాని స్థానంలో భూభారతి. పిల్లవాణ్ణి "పాసైనవా బిడ్డా?" అని అడిగే తల్లే, మండలాఫీసు నుంచి వచ్చిన పెనిమిటిని "పాసుబుక్కయిందా?" అని అడుగుతుంది. రెండో ప్రశ్నకే గొంతు వణుకుతుంది.

ఈ ఊళ్ళోనే 1940లలో చిట్యాల ఐలమ్మ కౌలు భూమి చేసుకుని బతికింది. పంట చేతికొచ్చే వేళ విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి మనుషులు కోసుకుపోవడానికి వచ్చారు. ఆమె బెదరలేదు. ఆంధ్ర మహాసభ సంఘంవాళ్ళు తోడు నిలిచి ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. అప్పటికి పట్టాదారు పాసు పుస్తకమన్న మాటే పుట్టలేదు. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. చట్టం వచ్చి అప్పటికి 14 ఏళ్ళు. కాని ఆ పుస్తకం పట్టా ఉన్నవాడికి గాని కౌలు చేసేవాడికి రాదు. ఐలమ్మ ఇవాళ అదే కౌలు చేస్తున్నా ఆమె పేర పుస్తకం ఉండదు.

మా పక్క చేను చాలా ఏళ్ళుగా కౌలుకు దున్నుతున్న ఆయనను మొన్న అడిగాను, పాసుబుక్కు ఎవరి దగ్గర ఉందని.

"అసలు ఆసామి కాడ ఉన్నది సారూ. ఆయన హైదరాబాదుల ఉంటడు" అన్నాడు. "మా ఇంట్ల ఉన్నది పిల్లగాని బస్సు పాసొక్కటే. అది గూడ ఈ నెలాఖరుకు అయిపోతది."