నల్లపొగ డీజిలు ఇంజను

పిల్లలూ! రైలు గేటు పడగానే మీరేం చేస్తారు? పెద్దవాళ్ళయితే విసుక్కుంటారు. "ఈ మాల్‌గాడీ ఎప్పటికి దాటేను, మన బస్సు ఎప్పటికి కదిలేను!" అంటారు. మీరు మాత్రం వేలు చూపిస్తూ పెట్టెలు లెక్కపెడతారు. ముప్ఫై దాటేసరికి ఒకరు ముప్ఫై రెండంటారు, ఇంకొకరు ముప్ఫై నాలుగంటారు. ఈ లెక్కల సందడిలో అన్నిటికంటే ముందు పోయిన ఇంజనును ఎవరూ సరిగా చూడరు. ఈ నెల ఆ ఇంజను సంగతి చెప్పుకుందాం. ఇప్పుడు చూడకపోతే, కొన్నాళ్ళకు చూద్దామన్నా దొరకని ఇంజను అది.

బీబీనగర్ నుంచి నల్లగొండ, మిర్యాలగూడ, విష్ణుపురం మీదుగా కృష్ణానది దాటి నడికుడికి పోయే రైలుదారి ఒకటి ఉన్నది. మిర్యాలగూడ మిల్లుల్లో ఆడిన బియ్యం, వాడపల్లి వైపు కర్మాగారాల సిమెంటు ఈ దారి మీదుగా దేశం నలుమూలలకూ పోతాయి. రెండో దారి సికిందరాబాదు నుంచి షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు వైపు పోతుంది. ఇది నిజాం కాలంలో వేసిన మీటరు గేజి దారి. అంటే రెండు పట్టాల మధ్య ఎడం ఒక మీటరు మాత్రమే. 1990లలో దాన్ని బ్రాడ్‌గేజి చేశారు. ఇప్పుడా ఎడం 1,676 మిల్లీమీటర్లు.

ఈ రెండు దారుల మీదా చాలా ఏళ్ళు డీజిలు ఇంజన్లే బరువులు మోశాయి. తరవాత కరెంటు తీగలు వచ్చాయి. సికిందరాబాదు, మహబూబ్‌నగర్‌ల మధ్య 85 కిలోమీటర్ల దారిని జంటదారిగా చేసి, తీగలు వేసి, 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితం చేశారు. నల్లగొండ దారి మీద కూడా తీగలు పడ్డాయి. దీనివల్ల లాభమే. డీజిలు చాలావరకు విదేశాల నుంచి కొనుక్కునే ముడినూనె నుంచి వస్తుంది, పొగ కూడా ఎక్కువ. కరెంటు ఇంజనుకు ఆ పొగ లేదు. అయితే కొత్తవాడు వచ్చి కూర్చోగానే, ఇన్నాళ్ళు చాకిరీ చేసిన పాతవాడి ఊరూ పేరూ మరచిపోవటం న్యాయమా?

ముందు పేరు చూద్దాం. పాత డీజిలు ఇంజన్లలో పెద్దన్న పేరు డబ్ల్యు.డి.ఎం.-2. ఇదేదో మంత్రం అనుకోకండి. "డబ్ల్యు" అంటే బ్రాడ్‌గేజి. "డి" అంటే డీజిలు. "ఎం" అంటే ప్రయాణికుల బండికీ గూడ్సుకూ రెండింటికీ పనికివచ్చేది. "2" అంటే ఆ రకంలో రెండోది. "ఎం" ఉండే చోట "జి" ఉంటే అది గూడ్సుకోసం చేసినది. మొదట "డబ్ల్యు"కు బదులు "వై" ఉంటే అది మీటరు గేజిది. ఈ నాలుగు ముక్కలూ తెలిస్తే మీరు ఇంజను వంటి మీది రాతను పుస్తకంలా చదవవచ్చు.

ఈ పెద్దన్న పుట్టిల్లు అమెరికా. న్యూయార్కు రాష్ట్రంలో షెనెక్టడీ అనే ఊళ్ళో ఆల్కో అనే కంపెనీ ఉండేది. 1962లో మొదటి ఇంజన్లు అక్కడినుంచి ఓడలెక్కి మన దేశానికి వచ్చాయి. తరవాత కాశీలోని కర్మాగారంలో మనవాళ్ళే చేయటం నేర్చుకున్నారు. అక్కడ మొదటి ఇంజను 1964 జనవరిలో బయటికి వచ్చింది. చిత్రమేమంటే, 1969లో ఆల్కో కంపెనీ ఇంజన్లు చేయటం మానేసింది. కాని కాశీలో మాత్రం 1990ల చివరిదాకా ఈ జాతి ఇంజన్లు పుడుతూనే ఉన్నాయి. మొత్తం రెండువేల ఆరువందలకు పైమాటే. పుట్టింటి దీపం ఆరినా, మెట్టినింట సంతానం వృద్ధి అయిందన్నమాట!

ఒక్కో ఇంజను బరువు 112.8 టన్నులు. ఏనుగు ఒక్కంటికి నాలుగు టన్నులు వేసుకుంటే ఇరవై ఎనిమిది ఏనుగులు! బలం 2,600 అశ్వశక్తి. టాంకులో 5,000 లీటర్ల డీజిలు పడుతుంది.

ఇంత పెద్ద యంత్రం లోపల నిప్పు అంటించేదెవరు? ఎవరూ లేరు. ఇదే రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు తెలివి. ఆయన 1897లో నడిచే ఇంజను చేసి చూపించాడు. ఆయన పేరే నూనెకు కూడా వచ్చింది. మీరు సైకిలు పంపుతో గాలి కొట్టి, పంపు అడుగుభాగం తాకి చూడండి. వేడిగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఇంజను సిలిండరులో గాలిని సుమారు పన్నెండో వంతుకు నొక్కేస్తారు. అది అయిదువందల డిగ్రీలు దాటి కాగుతుంది. దాని మీద డీజిలు చిమ్మితే భగ్గుమని మండుతుంది. అగ్గిపుల్ల అక్కరలేదు. మన ఇంజనులో ఇలాంటి సిలిండర్లు పదహారు.

ఇంకొక రహస్యం. ఆ మంట తిప్పేది చక్రాలను కాదు! అది ఒక జనరేటరును తిప్పుతుంది. జనరేటరు కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటుతో ఇరుసుకు ఒకటి చొప్పున ఆరు మోటార్లు తిరిగి చక్రాలను నడుపుతాయి. అంటే డీజిలు ఇంజను కూడా నిజానికి కరెంటు బండే. తన కరెంటు తానే పుట్టించుకుని, వెంట తీసుకుపోతుంది. కరెంటు ఇంజను పైతీగ నుంచి తీసుకుంటుంది. తేడా అంతే.

మరి నల్లపొగ ఎందుకు? డ్రైవరు చేతికింద ఎనిమిది మెట్ల పిడి ఉంటుంది. బండి కదిలించేటప్పుడో, ఎగువ ఎక్కేటప్పుడో ఆయన మెట్టు పెంచుతాడు. డీజిలు వెంటనే ఎక్కువగా వస్తుంది. దానికి తగిన గాలిని తోసే చక్రం ఒకటి ఉంది. అది ఇంజను వదిలే పొగ వేగంతోనే తిరుగుతుంది, కాబట్టి అందుకోవటానికి కొంచెం వ్యవధి పడుతుంది. మీ నాయనమ్మను అడగండి: పొయ్యిలో ఒక్కసారిగా కట్టెలు కుక్కి, గొట్టంతో ఊదకపోతే ఏమవుతుంది? ఇల్లంతా పొగ! ఇక్కడా అంతే. గాలి అందగానే పొగ పలచబడుతుంది. ఈ సంగతి తెలిసినవాడు పొగ చూసే, "డ్రైవరు ఇప్పుడు మెట్టు పెంచాడు" అని చెప్పగలడు.

ఇప్పుడు అసలైన డబ్ల్యు.డి.ఎం.-2 పట్టాల మీద కనిపించటం చాలా అరుదు. దాని తమ్ముళ్ళు అక్కడక్కడ యార్డుల్లోనూ, పనిబండ్ల ముందూ కనిపిస్తాయి. కనిపిస్తే ఎలా గుర్తుపట్టాలి? పెట్టెలాగా రెండువైపులా ఒకేలా ఉండదు. డ్రైవరు గది ఒక కొసకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి ఒకవైపు పొట్టి ముక్కు, ఒకవైపు పొడుగు ముక్కు. పొడుగు ముక్కు ముందుగా నడిచేటప్పుడు డ్రైవరుకు దారి సగమే కనిపిస్తుంది. అందుకే గదిలో ఉన్న ఇద్దరూ సిగ్నలు చూసి పైకి చెప్పుకుంటూ పోతారు.

ఫొటో తీయాలనుకునేవారికి మూడు మాటలు. ఒకటి: ఎండ మీ వీపున ఉండాలి. మహబూబ్‌నగర్ దారి దాదాపు ఉత్తర దక్షిణాలుగా పోతుంది. కనుక పొద్దున దారికి తూర్పున, సాయంత్రం పడమట నిలబడండి. రెండు: ఇంజను ముఖమూ, ఒక పక్కా కలిసి కనిపించేట్టు ఏటవాలుగా తీయండి. నంబరు, షెడ్డు పేరు చదవటానికి రావాలి. మూడు: ఈ లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 16 మీటర్లకు పైగా కదులుతుంది. కెమేరా కన్ను సెకనులో అరవయ్యో వంతు తెరుచుకుంటే, ఆపాటికే బండి 28 సెంటీమీటర్లు జరిగిపోతుంది. బొమ్మ అలికినట్టు వస్తుంది. అయిదువందలో వంతు తెరిస్తే మూడు సెంటీమీటర్లే. బొమ్మ నిలకడగా వస్తుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. తల్లిదండ్రులు కూడా దీన్ని చదవాలి. మూడువేల టన్నులు దాటిన గూడ్సు బండి, డ్రైవరు మిమ్మల్ని చూసి బ్రేకు వేసినా, మీ ముందు ఆగలేదు. పాత డీజిలు ఇంజను తన చప్పుడుతో చాలాదూరం నుంచే హెచ్చరించేది. కరెంటు బండి అంత చప్పుడు చేయదు, దగ్గరికి వచ్చేదాకా తెలియదు. పట్టాల పైన ఉన్న తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. దాన్ని ముట్టుకోనక్కరలేదు, దగ్గరికి పోయినా అది మనిషిని లాగేస్తుంది. కాబట్టి నిలిచి ఉన్న వ్యాగను ఎక్కటం గాని, సెల్ఫీ కర్ర పైకెత్తటం గాని ఎన్నడూ చేయకండి. అనుమతి లేకుండా పట్టాల మీదికి పోతే, 1989 రైల్వే చట్టం ప్రకారం ఆరు నెలల జైలుగాని, వెయ్యి రూపాయల జరిమానాగాని, రెండూ గాని పడవచ్చు. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని, మూసిన గేటుకు ఇవతల నిలబడండి. స్టేషనులో అయితే ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొని, స్టేషను మాస్టరు గారిని అడిగి తీయండి. మంచి ఫొటో రేపయినా దొరుకుతుంది.

ఫొటో తీసి ఊరుకుంటే పని సగమే అయినట్టు. ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, వేళ, ఊరు, ఇంజను నంబరు, షెడ్డు పేరు, లాగుతున్న సరుకు రాయండి. ఇంజను పాతబడితే ముక్కలుచేసి ఇనుముగా అమ్ముతారు. వేలల్లో ఏ ఒకటో రెండో దాచిపెడతారు. కాశీలో మనవాళ్ళు చేసిన "కుందన్" అనే ఇంజను అలా దాచినవాటిలో ఒకటి. మన గద్వాల వంతెన దాటిన ఇంజన్లకు, మిర్యాలగూడ బియ్యం మోసిన ఇంజన్లకు మ్యూజియంలో చోటు దొరకదు. వాటికి మీ నోటుబుక్కే మ్యూజియం.

ఈ నెల మీకు పని: మీ ఇంట్లోనో, ఇరుగుపొరుగునో మహబూబ్‌నగర్ మీటరు గేజి బండి ఎక్కినవాళ్ళు ఉన్నారేమో కనుక్కోండి. ఏ ఊరినుంచి ఏ ఊరికి పోయారు, ఎన్ని గంటలు పట్టింది, టిక్కెట్టు ఎంత, ఇంజను ఎలా కూసేది—అన్నీ అడిగి, నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి.