వినువారి ధర్మము

1912వ సంవత్సరమున ఫిజీ ద్వీపమున కుంతి యను కూలిస్త్రీని ఓవర్సియరు తోటివారినుండి వేరుచేసి, ఒంటరిగా అరటితోటలో పనికి పంపెను. అచ్చట అతడు తనపై చేయి వేయబోగా, గోరఖ్‌పూరు మండలమునుండి గిరిమిట్టు వ్రాసి పోయిన ఆ యువతి మానరక్షణార్థము నదిలో దుమికెను. చిన్న పడవలోనున్న యొక బాలుడు ఆమెను గట్టు చేర్చెను. ఆమె వృత్తాంతము కలకత్తాలోని ‘భారతమిత్ర’ పత్రికలో అచ్చయి దేశమంతటను ఆగ్రహమును పుట్టించెను. విచారణ జరిగినది. కాని ద్వీపాధికారులు ఆమె పడిన బాధకంటె ఆమె శీలమునే యెక్కువగా తరచి చూచిరి. ఆమె మాట కల్పితమని త్రోసివేసిరి. అయినను ఆ మాట వ్యర్థము కాలేదు. 1917లో కూలీల యెగుమతి నిలిచెను. 1920 జనవరి 1వ తేదీన ఫిజీలో మిగిలిన గిరిమిట్లన్నియు రద్దయ్యెను. 1903 మొదలు చెన్నపట్టణపు రేవునుండి ఆ ద్వీపమునకు పోయినవారిలో తెలుగువారును గలరు గనుక, ఆ విముక్తిలో మనకును పాలు గలదు.

దేశమునకు న్యాయము లభించినది. కుంతికి లభించినది అవమానము. చెప్పినది ఆమె, ఎట్లు వినవలయునో ఎరుగనివారు అధికారులు. నూరేండ్లు గడచినవి. ఓడలు పోయి విమానములు వచ్చినవి. గిరిమిట్టు పోయి వీసా వచ్చినది. పరదేశమున బాధపడిన స్త్రీ తన కథను చెప్పుకొనవలసివచ్చినప్పుడు, వినువారి తీరు మాత్రము మారవలసినంత మారలేదు. నేటి మా ప్రస్తావము ఇదియే.

మన జిల్లాలనుండి స్త్రీలు రెండు మార్గముల విదేశములకు పోవుచున్నారు. చదువుకొన్న యువతులు భర్తల వెంట అమెరికాకు హెచ్‌-4 వీసాపై పోవుచున్నారు. భర్త యుద్యోగముపై ఆధారపడిన యనుమతి యది. కాపురము చెడిన యెడల దేశమున నిలుచు హక్కే చెడును. కడప, గోదావరి మండలముల పేదస్త్రీలు ఖద్దామా వీసాలని మనవారు పిలుచు అనుమతులపై కువైత్‌ మొదలగు దేశములకు ఇంటిపనికి పోవుచున్నారు. అచ్చట ఆమె యునికి యజమాని పూచీపై నిలిచియుండును; ఇల్లు విడిచి పోయినచో ‘పారిపోయినది’ యని అతడు ఫిర్యాదు చేయగలడు. ఒకరికి భర్త, ఒకరికి యజమాని. ఇరువురకును కాగితము పరుని చేతిలోనిదే. “నోరెత్తితివా, నిన్ను పంపివేసెదను” అను బెదరింపు ఇరువురకును ఒక్కటే.

ఇట్టివారికి చట్టములు బొత్తిగా లేకపోలేదు. అమెరికాలో 1994 నాటి స్త్రీహింసా నిరోధక చట్టము ప్రకారము, ఆ దేశపు పౌరునిచే గాని, శాశ్వతనివాసిచే గాని హింసింపబడిన భార్య భర్త సహాయము లేకయే తన దరఖాస్తును తానే పెట్టుకొనవచ్చును. 2000లో వచ్చిన చట్టము ‘యు వీసా’ను కల్పించినది, నేరమునకు గురియై విచారణకు తోడ్పడినవారికి ఏటా 10,000 వరకు ఈ యనుమతులు లభించును. హెచ్‌-1బి ఉద్యోగుల భార్యలు హింసకు గురియైనచో, పనిచేసికొను అనుమతికై దరఖాస్తు పెట్టుటకు 2006లో వీలు కల్పింపబడెను. అది అమలులోనికి వచ్చుటకు 2017 వరకు పట్టినది. మన దేశమున 2019లో సుప్రీముకోర్టు, అత్తవారింటినుండి తరుమబడిన స్త్రీ తాను తలదాచుకొన్న చోటనే ఫిర్యాదు చేయవచ్చునని రూపాలీదేవి వ్యాజ్యమున తీర్పు చెప్పినది.

కాని ఈ ద్వారములన్నింటికిని తాళపుచెవి ఒక్కటే: ఆమె కథ. పరాయి కార్యాలయమున, పరాయి భాషలో, ఎన్నడు చూడని వకీలు ఎదుట కూర్చుండి, కన్నతల్లికిని చెప్పని మాటలను తేదీలతో, వరుసతో, తడబడక చెప్పవలయును. ఆశ్రయము కోరువారు దేశమున నడుగిడిన ఏడాదిలోపల దరఖాస్తు పెట్టవలెనని 1996 నాటి అమెరికా చట్టము. మినహాయింపులు కొన్ని యున్నను, వానిని నిరూపించుభారము ఆమెపైననే పడును. ఆశ్రయవ్యాజ్యములలో చిన్న విషయమున మాట తప్పినను, అది అసలు సంగతికి చెందినది కాకున్నను, నమ్మకము తగ్గింపవచ్చునని 2005 నాటి చట్టము. బాధను అనుభవించిన మనస్సు ఎట్లు పనిచేయునో ఎరిగినవారెవ్వరు ఈ నియమమును విని నిట్టూర్పు విడువకుందురు?

భయము క్రమ్మినవేళ మనస్సు కరణమువలె తేదీవారీగా దస్తరము వ్రాయదు. తలుపు గడియపడిన చప్పుడు, పొయ్యిపై మాడిన పాల వాసన, గోడపై గడియారము, ఇవి చెరగక నిలుచును; అది ఏ నెలయో, ముందు జరిగినదేదో, వెనుక జరిగినదేదో చెదరిపోవును. ఒకనాడు చెప్పని సంగతి రెండవనాడు జ్ఞప్తికి వచ్చును. కొందరు కన్నీరు లేక, నిర్వికారముగా, పరులకు జరిగినట్లు చెప్పుదురు, మరికొందరు నవ్వుదురు. చూచువాడు ‘ఈమె అబద్ధమాడుచున్నది’ అనుకొనును. హింసితుల పరీక్షకై 1999లో రూపొంది, 2022లో సవరింపబడిన ఇస్తాంబులు మార్గదర్శిని ఇట్టి తడబాట్లు అసత్యమునకు గుర్తులు కానక్కరలేదని వైద్యులను, న్యాయవాదులను స్పష్టముగా హెచ్చరించుచున్నది.

వినుట లోపించిననాడు ఏమగునో కిరణ్‌జీత్ ఆహ్లువాలియా చరిత్రము చెప్పుచున్నది. పంజాబునుండి 1979లో పెండ్లాడి ఇంగ్లండు చేరిన ఆమె పదేండ్లు భర్తచే హింసింపబడి, 1989లో అతని మరణమునకు కారకురాలై, హత్యానేరమునకు యావజ్జీవశిక్ష పొందెను. ఆ విచారణలో ఆమె సాక్ష్యపు బోను ఎక్కలేదు, నోరు విప్పలేదు. ఆమె మనోవ్యాధిని గూర్చిన వైద్యనివేదిక యుండియు కోర్టు ముందునకు రాలేదు. తరువాత, 1979లో స్థాపింపబడిన సౌథాల్ బ్లాక్ సిస్టర్స్ అను సంఘమువారు ఆమెను చెరసాలలో కలిసికొని, కథను ఓపికతో విని, అప్పీలుకు సాయపడిరి. 1992లో హత్యానేరపు తీర్పు కొట్టివేయబడి, ఆమె విడుదల పొందెను. జరిగినది మారలేదు; సాక్షులు మారలేదు. విన్నవారు మారిరి.

ఎట్లు వినవలయునను విషయమున విజ్ఞులు చెప్పుచున్న పద్ధతులు గలవు. అమెరికాప్రభుత్వపు మానసికారోగ్యశాఖ 2014లో ప్రకటించిన మార్గసూత్రములు భద్రత, నిష్కాపట్యము, తోటి బాధితుల అండ, కలసి నిర్ణయించుట, స్వేచ్ఛగా ఎన్నుకొను అధికారము, సంస్కృతిని ఎరిగియుండుట అను ఆరింటిని పునాదులుగా జెప్పుచున్నవి. పేర్లు పెద్దవి, ఆచరణలో అవి చిన్న చిన్న మర్యాదలే.

మొదటి నాడే కథ అడుగరాదు. మొదట అడుగవలసినది: నేటి రాత్రి ఎచ్చట పరుండెదవు? బిడ్డలెక్కడ? నీ ఫోను మరియొకరు చూచుదురా? ఈ కాగితములు ఇంటికి తీసికొనిపోయిన ప్రమాదమున్నదా? భద్రత లేనివేళ చెప్పించిన కథ ప్రాణముమీదికి తేగలదు. పిమ్మట, ఏల అడుగుచున్నామో, వ్రాసినది ఎవరు చదువుదురో, ఏది రహస్యముగా నుండునో, ఏది యుండదో ముందే చెప్పవలెను. తలుపు దగ్గర కూర్చుండుటయా, కిటికీ దగ్గరనా, నేడు చెప్పుటయా, రేపా, అన్నియు ఆమె యిష్టమునకే విడువవలెను. ఆమె స్వేచ్ఛను ఒకడు హరించినాడు గదా. సహాయకుడును మరల హరింపరాదు.

ప్రశ్న యడుగుటలోను నేర్పు గలదు. “ఏల విడిచిపోలేదు?” అను ప్రశ్న నేరమారోపించును, “పోవుటకు ఏది అడ్డమయ్యెను?” అను ప్రశ్న సత్యమును వెలికి దీయును. ఏ తేదీయని నిలదీయుటకు బదులు, అప్పటికి సంక్రాంతి దాటినదా, బిడ్డకు ఎన్ని నెలలు, బయట మంచు పడుచుండెనా యని యడిగినచో కాలము దానంతటనే తేలును. కథ మొదటినుండి రానక్కరలేదు. ఆమెకు చెప్పశక్యమైన చోటినుండి రావచ్చును. వరుస పెట్టుట వినువాని పని. ఆమె ఊపిరి ఎగసి, చేతులు వణకి, చూపు గోడపై నిలిచిపోయినచో ఆపివేయవలెను. లేచునప్పుడు ఆమె మనస్సును నేటి దినమునకు మరల్చి పంపవలెను. గాయమును కెలకి వీధిలో విడువరాదు.

వ్రాసినదానిని ఆమె భాషలో ఆమెకు చదివి వినిపింపవలెను, తప్పులు దిద్దనీయవలెను, ప్రతి యొకటి ఆమెకీయవలెను. చిలీ దేశమున సైనికపాలనలో హింసింపబడినవారి వాఙ్మూలములను సేకరించిన మనస్తత్త్వవేత్తలు, తన కథను తానే నిర్మించి, వ్రాతరూపమున చేతికందుకొనుటవలన బాధితునకు ఊరట గలుగుచున్నదని 1983లో ప్రకటించిరి. ఒక్కొక్క కార్యాలయమున ఒక్కొక్కసారి అదే కథను మొదటినుండి చెప్పించుటకంటె, ఆమె యనుమతితో ఒకమారు వ్రాసినదానినే వాడుకొనుట మేలు. వైద్యుని చీటీలు, ఫోనులో వచ్చిన బెదరింపులు, ఇరుగుపొరుగుల సాక్ష్యములు సంపాదించినకొలది ఆమె నోటిపై పడు భారము తగ్గును.

భాష విషయము వేరుగా చెప్పవలసియున్నది. మన స్త్రీలు “చేయి చేసికొన్నాడు” అందురు. ఆ మాటలో చెంపదెబ్బయు నిముడును, ఎముక విరుగుటయు నిముడును. “బాధపెట్టినాడు” అన్నచో ఒకప్పుడు దుర్భాష, ఒకప్పుడు బలాత్కారము. దుబాసీ మక్కికి మక్కిగా మార్చినచో ఘోరము చిన్నదైపోవును; సొంతముగా పెంచి చెప్పినచో ఆమె మాటపై నమ్మకము పోవును. కావున మాటకు అర్థము ఆమెనే యడిగి తెలిసికొనవలెను. బిడ్డను గాని, బంధువును గాని, ఊరివారిని గాని దుబాసీగా కూర్చుండబెట్టరాదు. తల్లికి జరిగిన అవమానమును పదేండ్ల బిడ్డ నోట ఇంగ్లీషున పలికించుట మరియొక హింస.

“ఇట్లు మెత్తగా వినినచో కట్టుకథలు చెప్పువారికి ఆటపట్టు కాదా?” అని కొందరందురు. ఈ శంకను తేలికగా త్రోసివేయరాదు. కాని మెత్తగా వినుట వేరు, పరీక్ష లేక నమ్ముట వేరు. మాటలను నోటికందింపక, తొందరపెట్టక, ఆమె చెప్పినదానినే వ్రాసి, ఇతరసాక్ష్యముతో పోల్చి చూచుట ఈ పద్ధతి. బెదరించి రాబట్టిన కథలో సత్యము చితికిపోవును. అబద్ధమాడువానికి గద్దింపు అడ్డు కాదు, నిజము చెప్పుదానికే అది అడ్డు. కొలిమి వేడికి బంగారము తేలునను సామెత లోహములకు చెల్లును గాని గాయపడిన మనుష్యులకు చెల్లదు.

పరదేశపు వకీళ్లకు నీతులు చెప్పి మనము తప్పించుకొనరాదు. ఆమె కథను మొట్టమొదట వినువారము మనమే. అర్ధరాత్రి ఫోనులో కూతురు సగము మాట చెప్పగానే “సర్దుకొని పో తల్లీ, నలుగురిలో నవ్వులపాలగుదుము, చెల్లెలి పెండ్లి కావలసియున్నది” అను తండ్రులు మన పాఠకులలో లేరా? ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అను సామెతను ఎందరు ఆడబిడ్డల నోటికి తాళముగా వేసితిమి? ఇంటిగుట్టు బయలుపడి చెడినది రావణుని లంక గాని సీత కాదని మరచితిమి. వరుని జీతము నాలుగుచోట్ల విచారించు తండ్రి, ఆపద వచ్చిననాడు ఎవరిని పిలువవలెనో కూతురికి వ్రాసి యిచ్చుచున్నాడా? న్యూజెర్సీలో 1985 నుండి ‘మానవి’, న్యూయార్కులో 1989 నుండి ‘సఖి’ దక్షిణాసియా స్త్రీలకై పనిచేయుచున్న సంఘములు. ఇట్టి పేర్లు పసుపుకుంకుమలతోపాటు ఆమెకు ఈయదగినవి.

విదేశములందలి తెలుగు సంఘములు ఉగాదికి వేదికలు కట్టుచున్నవి, సంతోషము. భర్త స్నేహితులే పెద్దలుగా కూర్చుండు రాజీ పంచాయతీలకు బదులు, గుట్టు కాపాడగల దుబాసీలను తరిఫీదు చేసి ఈయగలిగినచో ఆ వేదికలకు మరింత శోభ కలుగును.

మా పత్రికాలోకమునకును ఇందులో పాలు గలదు. గల్ఫునుండి ఒక తల్లి “నన్ను కాపాడండి” అని ఏడ్చుచు ఫోనులో చిత్రించి పంపిన మాటలను ముఖముతో, పేరుతో, ఊరితో పదిమార్లు చూపి, ఆమె విమానము దిగగానే మైకులతో చుట్టుముట్టుచున్నాము. బలాత్కారబాధితురాలి గుర్తు తెలుపరాదని భారతీయ న్యాయసంహిత 72వ విభాగము శాసించుచున్నది. చట్టము చెప్పని చోట మర్యాద చెప్పవలెను. ఆమె గతి చక్కబడుటకు ఎంతవరకు అవసరమో అంతవరకే ప్రకటించుట, ఆమె కోరిన పేరు దాచుట, వద్దన్ననాడు మానుట, ఇవి పత్రికాధర్మములు.

కుంతి కథను నాడు పత్రిక దేశమునకు వినిపించినది. ఆమెను అవమానింపక అడుగగల విచారణాధికారి ఒక్కడు ఆ ద్వీపమున లేకపోయెను. నేడు విమానమెక్కుచున్న కుంతుల కట్టి దౌర్భాగ్యము పట్టకుండుగాక. తలుపు తట్టినచో తీయుటకు మేలుకొనియున్నవారు, చెప్పినచో తుదివరకు వినుటకు ఓర్పుగలవారు, వినినదానిని గుట్టుగా కాపాడువారు ప్రతి ఇంట, ప్రతి సంఘమున, ప్రతి కచేరిలో నుండవలెను. చెప్పుట ఆమెకు కష్టము. వినుట మనకు విధి.