ఖాళీ శంఖం ఖాళీ కాదు

బల్లార్షాలో రైలెక్కి సెలవులకు విశాఖకో, పూరీకో వెళ్లే మా చంద్రపూర్ తెలుగు కుటుంబాలకు ఒక విన్నపం. తీరంలో శంఖాలు ఏరుకుని రాకండి. మా బొగ్గు గనుల క్వార్టర్లలో ఎన్నో ఇళ్లలో టీవీ పక్కన, అద్దాల బీరువాలో గుప్పెడు శంఖాలు కనిపిస్తాయి. జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే నాకు వాటిని చూస్తే మనసు చివుక్కుమంటుంది.

చచ్చిన నత్తది, ఖాళీదే కదా, ఎవరికి నష్టం అంటారు. నష్టం సన్యాసి పీతకు. దాని ముందు భాగం గట్టిగా ఉన్నా పొట్ట మెత్తన, పైగా వంకర. నత్త చచ్చాక మిగిలిన శంఖంలో దూరితేనే దానికి రక్షణ. ఒళ్లు పెరిగేకొద్దీ ఇంకాస్త పెద్దది వెతుక్కోవాలి. దొరక్కపోతే ఎదుగుదల మందగిస్తుంది, శత్రువుకు సులువుగా చిక్కుతుంది.

ఈ పీతల్లో సముద్రంలో బతికేవి వేరు, నేల మీద బతికేవి వేరు. విశాఖ రాళ్ల గుంటల్లో తిరిగేవి సముద్రపువి. మొప్పలతో నీళ్లలోని ఆక్సిజన్ తీసుకుంటాయి. అల వెనక్కి పోయినప్పుడు శంఖంలో మిగిలిన నీటితో కాసేపు నెట్టుకొస్తాయి. అండమాన్, లక్షద్వీప్‌లలో ఇసుక మీద, చెట్ల కింద తిరిగే నేల పీతలు గాలిలోని ఆక్సిజన్‌తోనే బతుకుతాయి. అయితే ఆ గాలిలో తేమ ఉండాలి, మొప్పలు తడారకూడదు. నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే ఊపిరాడక చస్తాయి. అయినా సముద్రంతో వాటికి బంధం తెగలేదు. తల్లి గుడ్లు వదలడానికి అలల అంచుకు పోవాల్సిందే. పిల్లలు సముద్రంలో ఈదుతూ పెరిగి, చిన్న శంఖమొకటి సంపాదించుకుని ఒడ్డెక్కుతాయి. మన వరి మడుల్లో దొరికే ఎండ్రికాయకు ఈ బాధ లేదు. తల్లి పొట్ట కింద పొదిగే గుడ్లలోంచి పిల్లలు బుల్లి ఎండ్రికాయలుగానే బయటికొస్తాయి.

ఒక వేసవి తర్వాత మా విద్యార్థి ఒకడు సీసాలో పీతను తెచ్చాడు. సముద్రపుది. కుళాయి నీళ్లు పోశాడు, దారిలోనే చచ్చిపోయింది. "నీళ్లు మారుస్తూనే ఉన్నాను మేడమ్" అన్నాడు, గొంతు పూడుకుపోయి. తప్పు వాడిది కాదు, ఉప్పునీటి ప్రాణి మంచినీళ్లలో బతకదని వాడికి ఎవరూ చెప్పలేదు. పోనీ నేల పీతను తెచ్చినా, మే నెలలో నలభై అయిదు డిగ్రీలు దాటే మా పొడి ఎండలో దాని మొప్పలు ఎండిపోయేవి. దుకాణాల్లో పెంపుడు జంతువులుగా అమ్మే నేల పీతలు కూడా చాలావరకు తీరాల్లో పట్టుకొచ్చినవే. కొనకండి.

శంఖం విషయంలోనూ రెండింటికీ తేడా ఉంది. నేల పీతలు శంఖాన్ని లోపలి నుంచి తొలిచి, గోడలు పల్చన చేసి, చోటు పెంచుకుంటాయని మార్క్ లైడ్రే అనే శాస్త్రవేత్త కోస్టారికా తీరంలో గమనించి 2012లో రాశారు. అలా తొలిచిన శంఖాలు ఒకదాని నుంచి ఇంకొకదానికి చేతులు మారుతుంటాయి. పెరిగిన పీతకు తాజా నత్త శంఖం ఇరుకు. అంటే అరిగి, రంగు వెలిసి, మనం అందంగా లేదనుకునే శంఖమే దానికి అన్నిటికన్నా విలువైనది. ఈ ఒక్క సంగతి తెలిశాక నాకు తీరంలో పాత శంఖాన్ని ముట్టుకోవాలంటే చేయి రాదు.

నేను ఒక్కటి తెస్తే ఏమవుతుందనే వాళ్లకు స్పెయిన్‌లోని ఒక తీరం సంగతి చెప్పాలి. అక్కడ ముప్పై ఏళ్లలో పర్యాటకులు దాదాపు మూడింతలయ్యారు, శంఖాలూ చిప్పలూ సగానికన్నా తగ్గిపోయాయి. మైకేల్ కోవలెవ్‌స్కీ బృందం 2014లో ప్రచురించిన లెక్క ఇది. శంఖాలు తీసుకెళ్లిన మనుషులు బదులుగా ఏం వదిలారో 2024లో పోలండ్ శాస్త్రవేత్తల పరిశీలనలో తేలింది. ఇంటర్నెట్‌లో జనం పెట్టిన ఫొటోలు వెతికితే మనిషి పారేసిన వస్తువులు మోస్తున్న పీతలు 386 కనిపించాయి, ఎక్కువగా ప్లాస్టిక్ మూతలే. నేల పీతల్లో ఉన్న 16 జాతుల్లో 10 జాతులవి అందులో ఉన్నాయి.

చట్టం కొంత చేసింది. కొన్ని జాతుల శంఖాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు. నేల పీతల బంధువైన కొబ్బరి పీతకూ అందులో రక్షణ ఉంది. మిగతా శంఖాలకు మన ఇంగితమే కాపలా. పూజగదిలో శంఖం తీసేయమని నేను అనడం లేదు. విహారయాత్రకు పిల్లల్ని తీసుకెళ్లే మా టీచర్లు రైలెక్కే ముందే ఈ పాఠం చెప్పాలంటున్నాను.

పొరపాటున చేతిలోకి తీసుకున్న శంఖంలోంచి కాళ్లు కనిపిస్తే, ఎక్కడ తీశారో అక్కడే పెట్టండి. రాళ్ల గుంటలో దొరికితే మళ్లీ ఆ గుంటలోనే. అండమాన్‌లో చెట్టు కింద దొరికితే మాత్రం, పాపం దాహమేస్తుందేమోనని సముద్రంలోకి విసరకండి. అలలు తిరిగి ఒడ్డుకు చేర్చకపోతే అది మునిగి చచ్చిపోతుంది.