లకడీ మిషనే కదా అంటే కుదరదు భాయ్

"లకడీ కోసే మిషనే కదా భాయ్, పట్టాలు ఏవైతేనేం?" ఈ జుమ్లా మీద నాకు సఖ్త్ ఏతరాజ్ ఉంది.

మా ఇబ్రహీంపట్నంలో (హైదరాబాద్ పక్కది కాదు, మెట్‌పల్లి పక్కది), కోరుట్లలో, జగిత్యాలలో గల్ఫ్ నుంచి వాపస్ వచ్చిన నౌజవాన్లు ఇంట్లోనే సీఎన్‌సీ రౌటర్ తయారు చేసుకుంటామంటున్నారు. దర్వాజాల మీద పూలు, కిటికీకి జాలీ, రెహల్, ఖత్తాతీ ఫలకాలు చెక్కుతారట. ఇరాదా ముబారక్. కానీ ఖర్చు ఎక్కడ పెడుతున్నారో చూస్తేనే దిల్ బైఠ్ జాతా హై. ముందు 2.2 కిలోవాట్ల స్పిండిల్ కొంటారు. నిమిషానికి 24,000 చుట్లు తిరుగుతుందని దోస్తులకు వీడియో పంపుతారు, షాబాష్ వస్తుంది. ఆ స్పిండిల్ ఏ పట్టాల మీద నడవాలో, దానికి మాత్రం మిగిలిన చిల్లర. కొందరైతే అల్మారా సొరుగుకు వేసే ఛానలే బిగిస్తారు. సొరుగు ఛానల్ బట్టల బరువు మోయడానికి పుట్టింది. చేత్తో పక్కకు ఊపి చూడండి, దాని లచక్ తెలుస్తుంది. టేకులో దిగిన కట్టర్ అంతకంటే గట్టిగా ఊపుతుంది.

ఇంకొందరు రెండు చివర్లా ఆనించిన నున్నటి గుండ్రటి రాడ్లు వేస్తారు. హిసాబ్ చూద్దాం. 16 మిల్లీమీటర్ల స్టీల్ రాడ్లు రెండు, పొడవు ఒక మీటరు, మధ్యలో స్పిండిల్‌తో కలిపి 10 కిలోలు. రాడ్లు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు కుంగుతాయి. కట్టర్ ఇంకా చెక్కను తాకనే లేదు! పొడవు రెట్టింపు చేస్తే కుంగుడు ఎనిమిదింతలు. మూడు మిల్లీమీటర్ల లోతు పువ్వు చెక్కాల్సిన చోట ఒకటిన్నర పోతే అది పువ్వా, గుంతా?

రాడ్ కింద పొడవునా అల్యూమినియం దిమ్మె ఉండేది ఎస్‌బీఆర్ రకం. కుంగదు. కానీ దాని బేరింగ్ కింద నోరు తెరిచి ఉంటుంది, ఆ నోటి వైపు లాగితే తాఖత్ తగ్గుతుంది. చదరపు పట్టాలో, అంటే తైవాన్ హైవిన్ వాళ్ల హెచ్‌జీ లాంటి దాంట్లో, నాలుగు వరసల గుండ్లు పట్టాను రెండు పక్కలా పట్టుకుంటాయి. పై నుంచి నొక్కినా, కింద నుంచి ఎత్తినా, పక్కకు తోసినా బరాబర్ మోస్తాయి. దర్వాజా సైజు మిషన్‌కి నా రాయ్ ఇదే: 20 సైజు చదరపు పట్టా, ప్రతి పట్టాకి రెండు బ్లాకులు, ఆ రెండూ వీలైనంత దూరంగా. స్పిండిల్ చిన్నదైనా పర్వాలేదు, రేపు మార్చుకోవచ్చు. పట్టా మార్చాలంటే మిషనంతా విప్పాలి.

"మనది జుగాడ్ భాయ్" అంటారు. జుగాడ్‌ని ఇంత నెత్తికెక్కించుకోవడం నాకు నచ్చదు. సిరిసిల్లకు పోయి మరమగ్గం దగ్గర నిలబడండి. నాడె పరిగెత్తే బాట వంకరైతే మోటారు ఎంత పెద్దదైనా నాడె ఎగిరి బయటపడుతుంది. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఆసు యంత్రం కోసం 1992 నుంచి 1999 దాకా కష్టపడ్డాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఏడేళ్లూ ఆయన వెతికింది దారం సరిగ్గా తిరిగే చలనం కోసమే. అది జుగాడ్ కాదు, హునర్.

వాలిదైన్‌తో కూడా ఒక మాట. షాదీఖానాకి, బిర్యానీ దేగ్‌లకి లక్షలు ఇచ్చేటప్పుడు లెక్క అడగని మనం, కొడుకు పట్టాలకు పైసలడిగితే "సస్తావి లేవా బేటా?" అంటాం. ఎడారిలో పదేళ్ల చెమట అది. దాంతో కట్టిన మిషన్ వంకర దర్వాజా చెక్కితే ఆ గిరాకీ మళ్లీ రాడు, నగరం నుంచి రెడీమేడ్ దర్వాజా తెచ్చుకుంటాడు. కంజూసీ చేయాల్సిన చోట ఇస్రాఫ్, ఖర్చు పెట్టాల్సిన చోట కంజూసీ.

అయితే మహంగా పట్టా కొంటే పని అయిపోదు. వెల్డింగ్ వేడికి ఇనుప బాక్స్ పైపు వంగుతుంది. పట్టాకి 60 మిల్లీమీటర్లకో బోల్టు ఉంటుంది, ప్రతి బోల్టూ పట్టాను ఆ వంకరలోకే గుంజుతుంది. అప్పుడు బ్లాకు ఒక చోట జారుతుంది, ఒక చోట బిగుసుకుంటుంది. అందుకే పట్టా కూర్చునే ముఖాన్ని మిల్లింగ్ చేయించండి, లేదా నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ పోసి చదును చేయండి. అంత గుంజాయిష్ లేదా? అప్పుడు ఎస్‌బీఆర్ 20 తీసుకోండి. చిన్న వంకరల్ని అది మాఫ్ చేస్తుంది, చదరపు పట్టా చేయదు. థర్మాకోల్, పల్చటి ప్లై మాత్రమే కోసేవాళ్లకు చక్రాల మీద నడిచేదైనా చాలు, వాళ్లతో నాకు జగడా లేదు.

బిగించేటప్పుడు ఒక పట్టాను సీధా గీతకు పూర్తిగా బిగించండి. రెండోదాన్ని వదులుగా ఉంచి, పై వంతెనను ఈ కొస నుంచి ఆ కొసకు తోస్తూ, అది ఏ కొసకొస్తే ఆ కొస బోల్టులు బిగించుకుంటూ పోండి. బ్లాకును పట్టా నుంచి ఊరికే లాగకండి, గుండ్లు రాలి నేలపాలు కావచ్చు. రోజూ పొట్టు తుడిచి గ్రీజు పెట్టండి.